దేవసహాయం గారు ఆమేన్ అనని పూట

నర్సింగు చదివే పిల్లలకు "క్రైస్తవుడిగా వైద్యసేవ" అనే విషయం మీద నాలుగు ముక్కలు చెప్పమని నన్ను పిలుస్తుంటారు. పిలిచిన ప్రతిచోటా ఒక శాలువా కప్పుతారు. ఆ శాలువాలన్నీ కలిపి కుడితే మా ఊరి చర్చికి డేరా వేయొచ్చు, మిగిలిన గుడ్డతో చర్చి గంటకి గౌను కుట్టొచ్చు. వేదిక మీద పాస్టరు గారు పక్కనే కూర్చుంటారు కనుక అక్కడ కాస్త పరిశుద్ధంగా మాట్లాడి దిగిపోతాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు రత్నరాజు. కోనసీమ వాణ్ని. ఉద్యోగమంతా డయాలసిస్ విభాగంలోనే గడిచింది. మూత్రపిండాలు సమ్మె చేసిన మనిషి ఒంట్లోంచి రక్తాన్ని గొట్టం గుండా బయటికి తీసి, యంత్రంలో తిప్పి, మలినం తీసేసి, మళ్లీ ఒంట్లోకి పంపడం మా పని. మా పెద్దమ్మకి ఇదంతా చేతులు తిప్పుతూ వివరిస్తే, "అయితే రక్తాన్ని ఉతుకుతావన్నమాట, ఆరేస్తావా?" అని అడిగింది. అంతకన్నా తేలికైన పాఠం నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో రాయను. అవి చదివి ఏ రోగీ లేచి కూర్చోలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు నేను అక్కడ కుర్ర నర్సుని. ఆ ఎండాకాలంలో మా వార్డుకి వచ్చిన ఒక్క రోగి గురించి, ఆమెను కాపాడటానికి పట్టుబట్టిన ఇద్దరు మనుషుల గురించి రాస్తాను. ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు వాళ్ల దగ్గరే అర్థమైంది.

చేతులు కడుక్కునేంతసేపు

మా హెడ్ సిస్టరు కరుణమ్మ గారిది కడప. మనిషి ఎత్తు తక్కువ. స్టూలెక్కితే గానీ సెలైన్ సీసా అందేది కాదు. కానీ ఆవిడ కారిడార్ ఆ చివర దగ్గితే ఈ చివర సర్జన్లు చొక్కా బొత్తాలు సరిచూసుకునేవారు. అరబ్బీ ధారాళంగా మాట్లాడేది. అయితే ఆ అరబ్బీ వింటే రాయచోటి సంతలో గొర్రెల బేరం జరుగుతున్నట్టుండేది. అరబ్బులకి అది అర్థం కావడమే కాదు, వెంటనే చెప్పినట్టు చేసేవాళ్లు కూడా.

ప్రార్థన విషయంలో ఆవిడకి ఒక చట్టం ఉంది. మన మిషను ఆసుపత్రుల్లో పెరిగినవాళ్లం సూది పొడిచే ముందు కూడా కళ్లు మూసుకుంటాం కదా. చేరిన కొత్తలో నేను అలాగే ఒక కువైటీ పెద్దాయన మంచం పక్కన తల వంచి నిలబడ్డాను. కరుణమ్మ గారు వెనకనుంచి వచ్చింది.

"ఏంరా అబ్బీ, నిద్రపోతాండావా?"

"ప్రార్థనండీ, ఆయ్."

"ఆయన నిన్ను అడిగినాడా?"

"లేదండీ."

"మరి ఆయన మంచం కాడ నువ్వెందుకు చేస్తాండావు? నీళ్ల కొళాయి కాడ చేసుకో. చేతులు కడుక్కునేంతసేపు. సబ్బు అయిపోతే ప్రార్థన అయిపోవల్ల. ఆ చేతులు శుభ్రంగా ఉంటే అదే పెద్ద సాక్ష్యం."

ఇప్పటికీ నేను ఇదే చెబుతాను. రోగి మంచం మీద కట్టేసినట్టు పడి ఉంటాడు, లేచి వెళ్లిపోలేడు. అలాంటివాడికి బోధ చేయడం వీరత్వం కాదు. అడిగితే చెయ్యి పట్టుకుని ప్రార్థించండి, అడగకపోతే చెయ్యి పట్టుకుని నాడి చూడండి.

ఈ చట్టంతో అందరికన్నా ఇబ్బంది పడ్డవాడు దేవసహాయం గారు. పాలకొల్లు మనిషి. మా యంత్రాలకు ఆయనే మెకానిక్కు, ఆయనే దాదీ. ఇంటి దగ్గర సంఘపెద్దల వంశం. మామూలు మాటలు కూడా గ్రాంథికంలోనే వచ్చేవి. శుక్రవారం మేం కొందరం ఒకరింట్లో చేరి ప్రార్థన పెట్టుకునేవాళ్లం. ముగింపు ప్రార్థన ఆయనకిస్తే బిర్యానీ చల్లారి, గట్టిపడి, మళ్లీ వేడి చేసి, ఆ వేడీ చల్లారేది. ఆయన మొదలుపెట్టినప్పుడు పాకుతున్న పసిపిల్ల ఆమేన్ అనేసరికి నడక నేర్చుకుందని మా వాళ్లు చెప్పుకునేవారు. నేనైతే ఆ పిల్లకి పళ్లు కూడా వచ్చాయని చెబుతాను. ఆసుపత్రిలో మాత్రం కరుణమ్మ గారి దెబ్బకి, యంత్రం మీద అరచెయ్యి ఆనించి, పెదవులు కదిపి ఊరుకునేవారు.

ఆ ఆగస్టు

ఆ గురువారం తెల్లారేసరికి వీధిలో ట్యాంకులున్నాయి. ఎండాకాలం సెలవులకి సగం మంది డాక్టర్లు ముందే దేశం దాటారు. మిగిలినవాళ్లలో చాలామంది ఆ తర్వాత బస్సులెక్కి బస్రా మీదుగా జోర్డాన్ దారి పట్టారు. నర్సుల గదిలో ఒకరు సూట్‌కేసు సర్దుతుంటే ఇంకొకరు ఏడ్చేవారు. ఏడ్చేవాళ్ల సూట్‌కేసు అప్పటికే సర్ది ఉండేది.

మేం ఏం చేయాలని కరుణమ్మ గారిని అడిగాం. త్యాగం, సిలువ అంటూ పెద్ద ప్రసంగం చేస్తుందని నేను గోడకి చేరబడి తయారుగా ఉన్నాను. ఆవిడ చెప్పింది ఇంతే. "పోవల్లనుకున్నోళ్లు పోండి. అది పాపం గాదు. ఉండేటోళ్లు మాత్రం రేపు డ్యూటీకి టయానికి రాండి. ఆలీసెంగా వచ్చే ధైర్యవంతులు నాకొద్దు."

ఉండేవాళ్లు ఉన్నారు. నేను ఎందుకు ఉన్నానంటే, నిజం చెప్పాలి, ఆవిడకి వెళ్తున్నానని చెప్పడం కన్నా ట్యాంకుల మధ్య ఉండటమే తేలికనిపించింది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, నల్లటి అబాయా వేసుకున్న ఒక కువైటీ ఆవిడ తనే కారు నడుపుకుంటూ రుమైథియా పేట నుంచి వచ్చింది. దారిలో చెక్‌పోస్టులన్నింటికీ సమాధానం చెప్పుకుని వచ్చింది. వెనక సీట్లో ఆవిడ ఇంటి పనిమనిషి లక్ష్ముమ్మ. ఆమెది రాయచోటి పక్క పల్లె. అక్కడ పనివాళ్లు యజమానురాలిని మామా, అంటే అమ్మ, అని పిలుస్తారు కనుక మేమూ ఆవిడని చివరిదాకా మామా అనే పిలిచాం.

వాళ్లింట్లో నీళ్లు ఆగిపోయాయి. లక్ష్ముమ్మకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కువైట్ ఆగస్టు ఎండ సంగతి చెప్పాలా? గోడకి ఆనుకున్న బల్లి కూడా కాలు మార్చి కాలు పెడుతుంది. ఒంట్లో నీరంతా పోయి, లక్ష్ముమ్మ మూత్రపిండాలు పూర్తిగా మూతపడ్డాయి. మూత్రం చుక్క లేదు. ముఖం ఉబ్బింది. అప్పటికి మిగిలిన ఒక్క డాక్టరు గారు అన్ని వార్డులకీ పరిగెడుతున్నాడు. ఆయన వచ్చి చూసి, మెడ దగ్గర గొట్టం వేసి, "ఈవిడ మూత్రపిండాలు చచ్చిపోలేదు, స్పృహ తప్పాయి. అవి లేచేదాకా మీ యంత్రం బతికించాలి" అని మళ్లీ పరిగెత్తాడు.

ఆయన గొట్టం వేసే ముందు మెడలో నల్లదారం అడ్డొచ్చింది. దానికి వెంకటేశ్వరస్వామి బిళ్ల. దేవసహాయం గారు కొంచెం ఇబ్బందిగా చూశారు. కరుణమ్మ గారు దారాన్ని మెడలోంచి తీసి, గాజుగుడ్డలో చుట్టి, లక్ష్ముమ్మ మణికట్టుకి కట్టింది.

"ఈడ ఉండాదిమ్మా నీ సామి, యాడికీ పోలేదు" అంది.

లక్ష్ముమ్మ కళ్లు తెరిచి కడప యాస విని, "మనూరామెనా" అని మళ్లీ మూసుకుంది. ఆ తర్వాత ఆవిడ మాకు ఏ సూదికీ అడ్డు చెప్పలేదు.

లారీ వచ్చిన పొద్దు

సైనికులు ఆసుపత్రుల్లోంచి పరికరాలు పట్టుకుపోతున్నారని వింటూనే ఉన్నాం. మాది చిన్న ఆసుపత్రి, యంత్రాలు కొద్దిగానే ఉన్నాయి, మా దాకా రారనుకున్నాం. లక్ష్ముమ్మ యంత్రం మీద ఉన్న ఒక పొద్దున లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది.

ఇక్కడ ఒక్క విషయం తెలియాలి. మూత్రపిండాలు ఆగితే పొటాషియం అనే ఉప్పు రక్తంలో పేరుకుంటుంది. అది మితి మీరితే గుండె చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. ఆ పొద్దున లక్ష్ముమ్మ రక్తంలో అది అంచుదాకా ఉంది. యంత్రం అప్పుడే పని మొదలుపెట్టింది. సగంలో ఆపితే ఆమె ఆ రోజు దాటడం అనుమానం. పూర్తిగా తిరగనిస్తే కొన్ని రోజులు ఊపిరి దొరుకుతుంది, ఆలోగా మూత్రపిండాలు లేవొచ్చు. మళ్లీ పెట్టడానికి యంత్రం ఉండదని లారీని చూడగానే తెలిసిపోయింది. అంటే ఆమెకి ఉన్నది ఆ ఒక్క పూటే.

పైకి వచ్చినవాడు ఒక సార్జెంటు. మీసాలు ఎంత పెద్దవంటే ముందు అవి గదిలోకి వచ్చాయి, తర్వాత ఆయన వచ్చాడు. వెనక కొందరు సైనికులు. యంత్రాలన్నీ కావాలన్నాడు.

కరుణమ్మ గారు వాదించలేదు. ఖాళీగా ఉన్న యంత్రాలు చూపించింది. "ఇవి తీసుకపోండి. ఇది మాత్రం ఆమె రక్తంతో తిరుగుతాండాది. అయిపోయినాక ఇస్తాము." ఇదంతా అరబ్బీలోనే, కడప అరబ్బీలో.

"అన్నీ ఇప్పుడే. యల్లా" అన్నాడు సార్జెంటు. మాటలో కోపం లేదు. పైనుంచి వచ్చిన ఆజ్ఞ ఆయన నోట్లోంచి వస్తోంది, అంతే.

ఖాళీ యంత్రాలు దించడం మొదలైంది. అవి అయిపోయాక అందరి కళ్లూ దీనిమీదే. సార్జెంటు తీగ ఎక్కడిదాకా వెళ్లిందో చూపులతో వెతుకుతున్నాడు. అప్పుడు కరుణమ్మ గారు నా వైపు చూడలేదు, డాక్టరు కోసం కబురు పంపలేదు. దేవసహాయం గారి వైపు తిరిగింది.

"దేవసహాయం, ప్రార్థన చెయ్."

"ఏ పాటి ప్రార్థనండీ?" అన్నారాయన. పాపం, ఏళ్లుగా సబ్బు నురగ కొలతలో బతికిన మనిషి.

"నీ శుక్రవారం ప్రార్థన."

ఆవిడ సార్జెంటుతో అంది. "ఈయన యంత్రం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. రోజూ చేస్తాడు. అది ముగిసినాకనే మేము ఇప్పుతాము." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఎంతసేపు పడుతుందో మాత్రం ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

సార్జెంటు ఆగాడు. ప్రార్థన అన్న మాటకి ఆ దేశాల్లో ఉన్న మర్యాద నేను చెప్తే మీరు నమ్మరు. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సైనికులూ నిలబడ్డారు.

దేవసహాయం గారు కళ్లు మూసుకుని మొదలుపెట్టారు.

సృష్టి మొదటి రోజు నుంచి అందుకున్నారు. వెలుగు దగ్గర కొంతసేపు, నీళ్ల దగ్గర ఇంకొంతసేపు ఆగారు. చేపల దగ్గరికి వచ్చేసరికి ఆయన గోదావరివాడు కదా, పులసకి విడిగా కృతజ్ఞతలు చెల్లించారు. ఓడలోకి జంతువులను ఒక్కొక్క జత పేరు పెట్టి ఎక్కించారు. దోమల జతని కూడా మర్చిపోలేదు. అక్కడ నుంచి పాలకొల్లు సంఘంలోని విధవరాళ్లు, అనాథలు, నరసాపురం లైన్లో రైలు నడిపేవాళ్లు, గాలివానలో ఇళ్లు పోయినవాళ్లు. సార్జెంటు గడియారం చూశాడు. కరుణమ్మ గారు యంత్రం చూసింది. యంత్రం తన మానాన తాను తిరుగుతోంది.

నేను భయంతో కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాను. అప్పుడు వినిపించింది.

"ప్రభువా, నీ దాసుడైన ఈ రత్నరాజు కన్నులు మూసికొని నిలువక, ఎడమ ప్రక్కనున్న ప్రెషరు ముల్లును కనిపెట్టునుగాక. అది పైకి పోవుచున్నది తండ్రీ. ఆ గొట్టము మడత పడినదేమో, నీ దాసుడు చక్కబరచునుగాక."

చక్కబరిచాను. గొట్టం నిజంగానే మడతపడింది. కళ్లు మూసుకుని ఆయన యంత్రం చప్పుడు విని చెప్పారు. ఆ తర్వాత ప్రార్థనలోనే పని నడిచింది. "రక్తము గడ్డకట్టకుండునట్లు నీ దాసుడు మందును కొంచెము కొంచెముగా" అని ఒకసారి, "ఈ సహోదరి రక్తపోటును ఒక్కసారి చూచి, నీ దాసురాలు కరుణమ్మ గారికి సైగ చేయునట్లు" అని ఒకసారి. మన భాష వాళ్లకి రాదు. వాళ్ల మటుకు అదంతా ప్రార్థనే. నిజానికి దేవసహాయం గారి మటుకు కూడా అదంతా ప్రార్థనే.

గండం ఒకటి మధ్యలో వచ్చింది. ప్రార్థన ఎర్ర సముద్రం దాకా సాగింది. మన ప్రార్థనల్లో ఆ సముద్రం దాటే ప్రజల పేరు లేకుండా అడుగు ముందుకు పడదని మీకు తెలుసు. ఆ పేరు అరబ్బీలోనూ దాదాపు అదే. ఆ గదిలో ఆ రోజుల్లో ఆ సైనికుల ముందు ఆ పేరు పలకడమంటే పెట్రోలు డబ్బా పక్కన అగ్గిపుల్ల గీయడమే. దేవసహాయం గారు ఊపు మీద "నీవు నీ ఇశ్రా" దాకా వచ్చేశారు. కరుణమ్మ గారు ఒక్క కన్ను తెరిచింది. ఆయన మూసుకున్న కళ్లకి కూడా ఆ కన్ను కనబడినట్టుంది. ఒక దగ్గు దగ్గి, "ఆ ఫలానా జనాంగమును దాటించితివి" అని సముద్రం దాటేశారు.

కింద లారీ హారను మోగింది. ఆగకుండా మోగింది. సార్జెంటు అసహనంగా కదిలాడు. ఒక కుర్ర సైనికుడు ఇక ఆగలేక గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

దేవసహాయం గారు కళ్లు తెరవలేదు. యంత్రం మీది చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి చాచి ఆ కుర్రాడి చేతిమీద, ప్లగ్గు మీద ఉన్న చేతిమీదే, పెట్టారు.

"తండ్రీ, ఈ బిడ్డ ఎవరి బిడ్డో నాకు తెలియదు. వీని తల్లి ఈ వేళ యే ఊరిలో వీని కొరకు ఎదురు చూచుచున్నదో నాకు తెలియదు. ఈ చేతిని దీవించుము. ఈ చెయ్యి తన ఇల్లు చేరునుగాక."

నేను దగ్గర్లోనే ఉన్నాను. ఆయన గొంతు ఒక్క మాట దగ్గరా తడబడలేదు. కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ తనకోసం ఏదో అడుగుతున్నారని తెలిసింది. ఎవరైనా దీవిస్తుంటే చెయ్యి లాక్కోవడం ఎలాగో అతనికి తెలియదు. అలాగే నిలబడిపోయాడు. సార్జెంటు కిటికీ దగ్గరికెళ్లి కిందికి ఒక కేక పెట్టాడు. హారను ఆగింది.

అక్కడ నుంచి దేవసహాయం గారు లోకంలోని రోగులందరినీ ఖండాల వారీగా తీసుకున్నారు. ఒక సైనికుడు స్ట్రెచరు మీద కూర్చుని, తర్వాత ఒరిగి, తర్వాత గురక పెట్టాడు. ఆస్ట్రేలియా అయిపోయి దీవుల్లోకి దిగుతుండగా యంత్రం గంట కొట్టింది. పని పూర్తయింది. నేను రక్తమంతా లక్ష్ముమ్మ ఒంట్లోకి తిరిగి పంపి, గొట్టాలు మూసి, తల ఊపాను.

"ఆమేన్" అన్నారు దేవసహాయం గారు.

"ఆమీన్" అన్నాడు సార్జెంటు. ఆ మాటలో ఉన్న ఉపశమనం నేను ఇంకే భక్తుడి గొంతులోనూ వినలేదు.

తీగ కొయ్యొద్దన్న మనిషి

సార్జెంటు వెళ్లే ముందు అడిగాడు. "ఇంతసేపు ఏం అడిగాడు?"

"అందరి కోసం అడిగినాడు. నీ కోసం గూడ" అంది కరుణమ్మ గారు.

ఆయన కొంచెం తల వంచాడు. యంత్రాన్ని మాత్రం వదల్లేదు. కథల్లో అయితే మనసు మారి వదిలేసి వెళ్తాడు. ఇది ఆసుపత్రి.

వాళ్లు యంత్రాన్ని ఎలా పడితే అలా లాగుతుంటే దేవసహాయం గారు అడ్డం వెళ్లి, లోపలి నీళ్లు వంపి, గొట్టాలు చుట్టి, మూతలు బిగించి, దుప్పటి కప్పి తాళ్లు కట్టారు. నిలువుగానే ఉంచాలి, పడుకోబెట్టొద్దని సైగలతో సార్జెంటుకి చెప్పారు. నాకు ఒళ్లు మండింది.

"ఒక్క తీగ లోపల కోసేద్దామండీ, తీసుకెళ్లి ఏం చేసుకుంటారో చూద్దాం" అన్నాను తెలుగులో.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "రత్నం, ఇది యెచటికి పోయినను, దాని ప్రక్కన పండుకొనువాడు రోగియే గదా."

నేను చదివిన పుస్తకాల్లో, విన్న ప్రసంగాల్లో ఈ ఒక్క వాక్యానికి సాటి వచ్చేది లేదు. నన్ను ఎవరైనా క్రైస్తవుడిగా వైద్యసేవ అంటే ఏమిటని అడిగితే ఇదే చెబుతాను. పాస్టరు గారు పక్కన ఉన్నా చెబుతాను.

లారీ వెళ్లాక నాకొక అనుమానం పట్టుకుంది. కరుణమ్మ గారిని అడిగాను. "ఏటండీ ఇది, ప్రార్థనని అడ్డం పెట్టుకున్నాం కదా. తప్పు కాదంటారా?"

"అడ్డం పెట్టుకోనీకె గాకపోతే ఇంకెందుకురా అది? ఆమె నీ చెల్లెలైతే నువ్వు అడుగుతావా ఈ మాట?"

దేవసహాయం గారు మాత్రం నొచ్చుకున్నారు. "నేను కాలయాపన చేయలేదు రత్నం. ప్రతి మాటా అడిగితిని. పులస కూడా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పటికి నాకు అర్థమైంది, నేను ఉపాయమనుకున్న ఆ పూటంతా ఆయన నిజంగానే అడుగుతూ ఉన్నారని.

ఖర్జూరాలు

ఇక యంత్రం లేదు. మూత్రపిండాలు లేస్తే లక్ష్ముమ్మ ఉంటుంది, లేవకపోతే లేదు. యంత్రాలు మిగిలిన పెద్ద ఆసుపత్రిలో పాత రోగులకే వరస అందడం లేదు. మేం చేయగలిగింది కాపలా. లోపలికి పోయే ప్రతి ముద్దా, ప్రతి గుక్కా చూసుకోవాలి. పోయింది బయటికి రావడం లేదు కనుక నీళ్లు చెంచాతోనే.

కువైట్ ఎండలో దాహం వేసిన మనిషికి చెంచాతో నీళ్లివ్వడం కన్నా క్రూరమైన పని మా ఉద్యోగంలో లేదు. లక్ష్ముమ్మ నాలుక పిడచకట్టేది. "నాయనా, రవ్వన్ని నీళ్లు పొయ్యి సామీ. చస్తే చస్తాలే, తాగి చస్తా" అనేది. నేను తడిగుడ్డతో పెదాలు అద్ది బయటికి పారిపోయేవాణ్ని. కరుణమ్మ గారు పారిపోయేది కాదు. మంచం పక్కనే కూర్చుని, ఆ తిట్లన్నీ తినేది. రాయచోటి తిట్లు మామూలువి కావు. తాత ముత్తాతల దాకా వెళ్లి, వాళ్ల పశువుల్ని కూడా పలకరించి వస్తాయి. కరుణమ్మ గారు మెచ్చుకోలుగా విని, "ఇది మా అవ్వ తిట్టేది. విని యెన్నాళ్లాయెనో" అనేది.

మామా ఇంటికి వెళ్లలేదు. మంచం పక్క నేలమీద పడుకునేది. వార్డు తుడిచే మనుషులు వెళ్లిపోయారు కనుక ఆవిడే తుడుపు కర్ర అందుకుంది. పుట్టి బుద్ధెరిగి అది పట్టిన చెయ్యి కాదు. ఆవిడ తుడిచాక నేల ముందుకన్నా కొత్తగా మురికయ్యేది. లక్ష్ముమ్మ మంచంలోంచి సగం అరబ్బీ, సగం కడపలో చెప్పేది. "మామా, మూలలు ఇడుస్తాండావు. నన్ను అంటాంటివే."

మామా సిగ్గుపడి మూలలు తుడిచేది.

ఆ మామా చేసిన పనికి ఒకసారి మా ప్రాణాలు పైకి పోయాయి. ఊళ్లో తిండి దొరకడం కష్టమైపోయింది, ఆవిడ ఎక్కడెక్కడో తిరిగి ఖర్జూరాలు సంపాదించింది. మెత్తగా, నల్లగా, తేనె కారుతూ ఉన్నాయి. ఆ దేశంలో జబ్బు మనిషికి ప్రేమ చూపించాలంటే ఖర్జూరమే. గింజలు తీసి, చిన్న ముక్కలు చేసి, మంచం పక్కన కూర్చుంది. లక్ష్ముమ్మ నోరు తెరిచింది.

ఖర్జూరం నిండా ఆ పొటాషియమే. ఆరోగ్యవంతుడికి అమృతం, మూత్రపిండాలు ఆగినవాడికి గుండెపోటు. కరుణమ్మ గారు గుమ్మంలోంచి చూసింది. ఆవిడ పరిగెత్తడం నేను చూసింది అప్పుడే. వేలు పెట్టి నోట్లోంచి ముక్క బయటికి లాగేసింది.

"నా చేత్తో చంపుతున్నానా?" అంది మామా. అన్నాక అక్కడే కూలబడి ఏడ్చింది.

కరుణమ్మ గారు పక్కన కూర్చుని, ఆ పళ్లెం తన ఒళ్లో పెట్టుకుని, ఒక ఖర్జూరం తీసి తను తిని, ఒకటి మామా నోట్లో పెట్టింది. "నువ్వు ప్రేమతోనే పెట్టినావు. ఆమె లేచినాక మళ్లా పెట్టు. ఇప్పుడు మనం తిందాము. ఆకలైతాంది నాకు."

కసిరితే మామా మళ్లీ ఆ గదిలోకి రావడానికి భయపడేది. రాకపోతే లక్ష్ముమ్మ బెంగతో పోయేది. తప్పు చేసిన బంధువుని రోగి దగ్గర్నుంచి తరిమేయకుండా ఉండటం కూడా వైద్యమేనని నాకు అప్పుడే తెలిసింది. ఈ పాఠం ఏ పరీక్షలోనూ అడగరు.

గ్లాసు

రోజులు గడిచేకొద్దీ లక్ష్ముమ్మ తిట్లు తగ్గాయి. అది మంచి గుర్తు కాదు. గుండె కొట్టుకోవడం గతి తప్పుతోంది. ఊపిరి బరువైంది. డాక్టరు గారు వచ్చి, నాడి చూసి, మా మొహాలు చూడకుండా వెళ్లిపోయాడు. దేవసహాయం గారు చెయ్యి పెట్టడానికి యంత్రం లేక, ఖాళీ గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు.

ఒక ఉదయం నేను పక్క మంచం దుప్పటి మారుస్తుంటే లక్ష్ముమ్మ నన్ను పిలిచింది. మొహం గోడవైపు తిప్పుకుని ఉంది.

"నాయనా, సిస్టరమ్మను పిలుచు."

"ఏం కావాలమ్మా, నాతో చెప్పు."

"నీతో ఏం చెప్పేది, మొగపిల్లోనివి. పక్క తడిసిపొయ్యింది. సిగ్గుపోతాంది నాకు."

నాకు ఆ మాట బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక నేను కరుణమ్మ గారిని పిలవలేదు, అరుస్తూ పరిగెత్తాను. కారిడార్లో నా కేక విని గేటు దగ్గర కాపలా ఉన్న ఇరాక్ సైనికులు తుపాకులు సవరించుకున్నారు. కరుణమ్మ గారు వచ్చింది, దుప్పటి ఎత్తి చూసింది. చేత్తో తడిమింది. చెమట కాదు. సెలైన్ కాదు. మా ఉద్యోగంలో బంగారం అంటే ఇదే రంగు. ఆవిడ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ పెదవి వణకడం ఎవరూ చూడలేదని అనుకుంది, మేం కూడా చూడనట్టే ఉన్నాం.

తర్వాత వచ్చింది బెడ్‌పాన్‌లో. ఆ తర్వాత ఇంకా ఎక్కువ వచ్చింది. మామా తుడుపు కర్ర కింద పడేసి, నాలుక ఆడిస్తూ, వాళ్ల పెళ్లిళ్లలో ఆడవాళ్లు చేసే ఆ సన్నటి కూత ఒకటి పెట్టింది. పై అంతస్తులో స్పృహ లేని రోగి ఒకాయన కళ్లు తెరిచాడని మా వార్డులో నేటికీ వాదన. నేనైతే ఆయన లేచి ఇంటికి నడిచి వెళ్లాడంటాను. దేవసహాయం గారు ఆ బెడ్‌పాన్‌ని రెండు చేతులతో పట్టుకుని వెలుగుకి ఎత్తి చూశారు.

లక్ష్ముమ్మ మమ్మల్నందర్నీ ఎగాదిగా చూసింది. "నేనేమన్న మగబిడ్డను కన్న్యానా? ఉచ్చ పోసినందుకు ఇంత సంబరమేందప్పా మీకు. పిచ్చోళ్ల ఆసుపత్రికి తెచ్చినావే మామా నన్ను."

లేచిన మూత్రపిండాలు మొదట్లో మితం తెలియకుండా నీరు పోసేస్తాయి. అప్పుడు మనిషికి నీళ్లు బాగా తాగించాలి. కరుణమ్మ గారు కూజా తెచ్చింది. చెంచా తేలేదు. పెద్ద స్టీలు గ్లాసు తెచ్చి అంచుదాకా పోసి, లక్ష్ముమ్మ తల కింద చెయ్యి వేసి లేపింది.

"తాగమ్మా. ఇంక ఎవరూ అడ్డం చెప్పరు."

లక్ష్ముమ్మ గ్లాసు వైపు చూసింది, కరుణమ్మ గారి వైపు చూసింది. తర్వాత రెండు చేతులతో అందుకుంది. మణికట్టు మీది గాజుగుడ్డ మూట గ్లాసుకి తగిలి చప్పుడు చేసింది. గుక్క తర్వాత గుక్క తాగింది. గడ్డం మీదుగా కారుతుంటే తుడుచుకోలేదు. వార్డంతా ఆ గొంతు చప్పుడే. సగం దాకా తాగి ఆగింది. ఊపిరి తీసుకుని, గ్లాసు నేలమీద కూర్చున్న మామా వైపు చాచింది.

"నువ్వూ తాగు మామా. ఇన్నాళ్లూ నా ముందర తాగలేక నువ్వు గూడ యెండుకపొయినావు."

మామా తాగింది.